పలుగురాయి కథ – వాల్తేరు నుండి ముక్తేశ్వరం వరకు

సంఘం కార్యదర్శిగారు ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్రాయమని కబురు చేశారు. పే రివిజన్ కమిషన్ల చరిత్ర, కరువు భత్యం చరిత్ర నాకంటే బాగా చెప్పగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. క్షణ ముక్తేశ్వరస్వామి ఆలయ చరిత్ర, కోటిపల్లి రేవు చరిత్ర వ్రాయడానికి మా ఊళ్ళోనే నాకంటే పెద్దలున్నారు. అందుచేత మన ఇళ్ళన్నిటిలోనూ ఉండి, ఎవరి కంటా పడని ఒక చిన్న రాయి చరిత్ర వ్రాద్దామనుకున్నాను. సైన్సు చదివినవాణ్ణి కాను. స్టాకు రిజిస్టర్లు వ్రాసినవాణ్ణి. ఆ రిజిస్టర్ల పుణ్యమా అని ఈ విషయం మీద ఆసక్తి కలిగి, దొరికిన పుస్తకమల్లా చదివాను.

పదవీ విరమణ నాడు శాలువాతో పాటు గోడ గడియారం ఇవ్వడం మన ఆఫీసుల్లో ఆనవాయితీ గదా. ఆ గడియారం వెనుక బ్యాటరీ దగ్గర, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదైన రేకు గొట్టం ఒకటి ఉంటుంది. దాని లోపల శ్రుతిదండం ఆకారంలో కోసిన పలుగురాయి ముక్క ఉంటుంది. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ అంకె ఎవరో సరదాకు పెట్టింది కాదు. దాన్ని రెండు చేత వరుసగా పదిహేనుసార్లు భాగిస్తే ఒకటి మిగులుతుంది. ఆ ఒకటే మన సెకను. ఈ పద్ధతిలో నడిచే చేతి గడియారాన్ని మొట్టమొదట 1969 డిసెంబరు 25న జపానులో సీకో కంపెనీ అమ్మకానికి పెట్టింది. మన దగ్గరకు వచ్చేసరికి మరికొన్నేళ్ళు పట్టింది. అప్పటిదాకా హెచ్.ఎం.టి. గడియారానికి పొద్దున్నే కీ ఇచ్చుకుని ఆఫీసుకు వెళ్ళినవాళ్ళమే అందరమూ.

పలుగురాయి అంటే తెల్లగా మెరిసే రాయి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ పొలం దున్నితే నాగలికి తగులుతుంది. కోనసీమలో మాత్రం అది కాదు కదా, అసలు రాయే దొరకదు. మాదంతా గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. రోలు కావాలన్నా, చాకిరేవు బండ కావాలన్నా బయటినుంచి రావలసిందే.

ఈ రాయికి ఉన్న విచిత్ర గుణాన్ని 1880లో ఫ్రాన్సులో ఇద్దరు అన్నదమ్ములు, జాక్ క్యూరీ, పియరీ క్యూరీ కనిపెట్టారు. సరైన దిశలో కోసిన ముక్కను నొక్కితే దాని ముఖాల మీద విద్యుత్తు పుడుతుంది. మరుసటి ఏడు లిప్‌మన్ అనే శాస్త్రవేత్త, దీనికి తిరకాసు కూడా జరగాలి, విద్యుత్తు ఇస్తే రాయి కదలాలి అని లెక్క కట్టి చెప్పారు. అన్నదమ్ములు ప్రయోగం చేసి నిజమేనని తేల్చారు. గుడిగంటను కొడితే దాని సైజును బట్టి ఒకే నాదం ఎలా పలుకుతుందో, పలుగురాయి బిళ్ళకు విద్యుత్తు తగిలితే అది తన మందాన్ని బట్టి ఒకే వేగంతో కంపిస్తుంది. మందపు బిళ్ళ నెమ్మదిగా, పలుచని బిళ్ళ వేగంగా. సెకనుకు కోటిసార్లు, అంటే 10 మెగాహెర్ట్జ్ కంపించే బిళ్ళ మందం మిల్లీమీటరులో సుమారు ఆరవ వంతు ఉంటుంది.

నలభై ఏళ్ళ పాటు దీనితో ప్రయోజనం పెద్దగా కనబడలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో జలాంతర్గాములను పసిగట్టడానికి నీటిలోకి ధ్వని పంపే పనికి లాంజెవిన్ దీన్ని వాడారు. ఆ తరువాత 1921లో అమెరికాలో వాల్టర్ కేడీ అనే ప్రొఫెసరు ఈ బిళ్ళను రేడియో సర్క్యూటులో పెట్టి, ఫ్రీక్వెన్సీ కదలకుండా కట్టేయవచ్చునని చూపించారు. దానినే క్రిస్టల్ ఆసిలేటరు అంటారు. 1927లో బెల్ లేబరేటరీస్‌లో మారిసన్ దానితో గడియారమే నడిపించారు. 1934లో మరొక సంగతి తేలింది. రాయిని దాని అక్షానికి సుమారు 35 డిగ్రీల 15 నిమిషాల కోణంలో కోస్తే, ఎండకూ చలికీ దాని వేగం దాదాపు మారదు. నేటికీ ఎక్కువగా ఆ కోతే కోస్తున్నారు.

రేడియోకు ఇది ఎంత అవసరమో మన తరానికి చెప్పనక్కరలేదు. మద్రాసులో 1924లో రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టింది. 1938లో ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. మన విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. వందల కేంద్రాలు ఒకదానినొకటి తొక్కుకోకుండా ఎవరి గీత మీద వారు నిలబడాలంటే ప్రతి ట్రాన్స్‌మిటరులోనూ ఒక పలుగురాయి బిళ్ళ ఉండాలి. 1978 నవంబరు 23 నుంచి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మీడియం వేవ్ కేంద్రాలను 9 కిలోహెర్ట్జ్ ఎడంలో సర్దారు. అందుకే విజయవాడ 837, విశాఖపట్నం 927, హైదరాబాదు 738. అన్నీ తొమ్మిదో ఎక్కంలోవే. అంకెలు కూడి చూడండి, మూడూ పద్దెనిమిదే వస్తాయి. ఆ కేంద్రాలు తమ గీత నుండి 10 హెర్ట్జ్‌కు మించి అటూ ఇటూ జరగరాదని నిబంధన. అంటే 8,37,000లో పది! ఈ పది అంకెను పాఠకులు జ్ఞాపకం ఉంచుకోగోరుతున్నాను. ముందు దీనితో పని ఉంది.

ఇక మన తెలుగువారి సంగతి. ఆచార్య సూరి భగవంతంగారు 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో సి.వి.రామన్‌గారి వద్ద పరిశోధన చేసి, 1932లో వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. స్ఫటికాల ఆకృతికీ వాటి గుణాలకూ ఉన్న సంబంధం ఆయన జీవితకాలపు అధ్యయనం. ఆయనా, భీమసేనాచార్ గారూ కలిసి 1940 దశకంలో ఒక తెలివైన పద్ధతి కనిపెట్టారు. మామూలు బిళ్ళ ఒకే వేగంతో కంపిస్తుందని పైన చెప్పాను. వీరు తలుపు కదలకుండా కింద దోపే చెక్కముక్కలాగా ఒక అంచు మందంగా, ఒక అంచు పలుచగా ఉండే పలుగురాయి ముక్కను తీసుకున్నారు. ఇచ్చిన విద్యుత్తు వేగానికి సరిపడే మందం ఎక్కడ ఉందో, ముక్కలో ఆ భాగమే కంపిస్తుంది. కాబట్టి ఒక్క రాయితో వరుసగా అనేక వేగాలు పుట్టించవచ్చు. దాని మీద వేరే స్ఫటికాన్ని ఉంచి, ఆ స్ఫటికం ఏ వేగం దగ్గర తనలోంచి ధ్వనిని బాగా పోనిస్తుందో చూసి, దాని గట్టిదనాన్ని లెక్క కట్టేవారు. వజ్రాన్ని కూడా ఆ విధంగా కొలిచారు. ఆ పని లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

ఆ పని జరిగిన రోజులు ఎటువంటివో మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. అంతకు ముందే 1940లో కాకినాడ–కోటిపల్లి రైలు పట్టాలను యుద్ధానికి ఇనుము కావాలని పీకి పట్టుకుపోయారు. ఆ లైను మళ్ళీ వేసి రైలు నడిపినది 2004లో. మధ్యలో మా ముక్తేశ్వరం వాళ్ళు అరవై ఏళ్ళకు పైగా రేవు దాటి బస్సు ఎక్కారు.

అదే యుద్ధంలో పలుగురాయికి ఒక జబ్బు పట్టుకుంది. పరికరంలో దోషం వెతకడం అంటే ఏమిటో దాన్ని చూస్తే తెలుస్తుంది కాబట్టి కాస్త వివరంగా వ్రాస్తాను.

అమెరికా సైన్యం ప్రతి ట్యాంకులోనూ, విమానంలోనూ క్రిస్టల్ రేడియోలు పెట్టింది. బ్రెజిల్ నుండి రాళ్ళు తెప్పించి కోట్ల సంఖ్యలో బిళ్ళలు కోయించింది. పనివారిలో ఆడవారు చాలామంది. ఎక్స్‌రేతో దిశ చూసి కోసి, కార్బొరండం పొడితో అరగదీసి, కావలసిన వేగం రాగానే కడిగి డబ్బాలో బిగించేవారు. ఫ్యాక్టరీలో పరీక్షించినప్పుడు అన్నీ సలక్షణంగా ఉండేవి. గోదాములో కొన్ని నెలలు ఉండి, సముద్రం దాటి యుద్ధభూమికి చేరేసరికి కొన్ని తమ వేగం నుండి జరిగిపోయేవి, కొన్ని అసలు పలికేవే కావు. 1943 నాటికి ఇది పెద్ద సంక్షోభమైంది. రేడియో మూగబోతే ట్యాంకు ఒంటరిదైపోతుంది.

మొదట అందరూ పనివారు సరిగా కడగలేదన్నారు. మరింత శుభ్రంగా కడిగించినా జబ్బు తగ్గలేదు. చివరకు శాస్త్రవేత్తలు పట్టుకున్న కారణం ఏమిటంటే, పొడితో అరగదీసినప్పుడు రాయి పైపొర కంటికి కనపడని పగుళ్ళతో నలిగిపోతుంది. గాలిలోని తేమ ఆ పగుళ్ళలో చేరి నెమ్మదిగా పొరను రాలుస్తుంది. అరిగిన కొద్దీ బిళ్ళ వేగం మారుతుంది, రాలిన దుమ్ము దాని కంపనాన్ని అడ్డుతుంది. కడిగితే పోయే మురికి కాదది, రాయిలోనే ఉన్న గాయం. మందు ఏమిటంటే, చివరి మెరుగు పొడితో కాకుండా రాతిని కరిగించే ఫ్లోరైడు ద్రావకంలో ముంచి, ఆ నలిగిన పొర మొత్తం పోయేదాకా కరిగించడం. అలా చేసిన బిళ్ళలు నిలిచాయి. యుద్ధం తరువాత మిగిలిపోయినవి పాత సామానుగా అమ్ముడుపోయి, అమెచ్యూర్ రేడియోవారి దగ్గర దశాబ్దాలు పనిచేశాయి. ఇప్పుడు గనిలో తవ్విన రాయిని నేరుగా బిళ్ళలుగా కోసే అవసరం పెద్దగా లేదు. ఫ్యాక్టరీలో ఉక్కు పీపాల లోపల, వేడిలో, ఒత్తిడిలో రాయిని పంట పండించినట్లు పెంచుతున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ విద్య మనకు కావాలని పట్టుపట్టినవారిలో మరొక తెలుగువారు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారు. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించారు. కాశీలో, అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో చదివి, హోమీ భాభాగారి దగ్గర చేరి, అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని పెంచారు. పరికరాలు బయటి దేశాలనుండి కొంటే పాడైన రోజున బయటి దేశం వైపే చూడాలి, మన చేత్తో చేసుకుంటేనే బాగుచేసుకోగలం అన్నది ఆ తరం వారి పట్టుదల అని నాకు తోస్తుంది. 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. స్థాపించి అణు పరికరాలు, కంప్యూటర్లు, తరువాత టీవీలు చేయించారు. హైదరాబాదులో ఎ.ఎస్.రావు నగర్‌కు వెళ్ళే మన పిల్లల్లో ఎంతమందికి ఆ రావుగారెవరో తెలుసునో మరి. మచిలీపట్నంలోనైతే అంతకు చాలా ముందే, 1926లోనే ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ మొదలై శాస్త్ర పరికరాలు చేసేది. దాన్ని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు తీసుకున్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. పరీక్షించే పరికరంలోనే రాయి తప్పితే ఏమవుతుంది?

ఫ్రీక్వెన్సీ కౌంటరు అని ఒక పరికరం ఉంటుంది. రేడియో సెట్టు ఏ ఫ్రీక్వెన్సీలో పలుకుతోందో అంకెల్లో చూపిస్తుంది. దాని పద్ధతి చాలా తేలిక. కోటిపల్లి రేవు దగ్గర ఒక గుమాస్తాను కూర్చోబెట్టి, గంటసేపు గేటు తీసి, ఎంతమంది దాటారో లెక్కపెట్టమన్నట్లే. కౌంటరు సరిగ్గా ఒక సెకను గేటు తీసి, లోపలికి వచ్చిన కంపనాలను లెక్కపెట్టి గేటు మూసేస్తుంది. ఆ సెకనును ఇచ్చేది లోపలి పలుగురాయి. రాయి వేగంగా నడిస్తే గేటు ముందే మూసుకుంటుంది, లెక్క తక్కువ వస్తుంది. రాయి మందగిస్తే లెక్క ఎక్కువ వస్తుంది. పరికరం మాత్రం ఎనిమిది అంకెలనూ ఎర్రగా, నిబ్బరంగా చూపిస్తూనే ఉంటుంది. గోడ గడియారం తప్పితే పక్కింటి గడియారం చూసుకుంటాం. కొలిచే పరికరం తప్పితే దానితో కొలిచినవన్నీ తప్పు అనిపించుకుంటాయి. బస్తాల్లో ధాన్యం తగ్గిందని రైతును తిట్టేముందు కాటాను చూడాలి. కాటా ఎవరు చూస్తారు? దాని మీద సీలు ఉంటుంది గదా!

ఆసిలేటరు చెడే తీరులు రెండు రకాలు. అసలు మొదలుకాకపోవడం ఒకటి. ఇది మంచి జబ్బు, ఎందుకంటే పరికరం బొత్తిగా పనిచేయదు కాబట్టి అందరికీ తెలిసిపోతుంది. పెట్టె కిందపడితే బిళ్ళ చిట్లవచ్చు, దాన్ని పట్టుకున్న సన్నని తీగ తెగవచ్చు, కరెంటు సరఫరా తగ్గి ఉండవచ్చు, ట్రాన్సిస్టరు పోయి ఉండవచ్చు. రెండోది, నడుస్తూనే తప్పు నడవడం. వయసు మీద పడి కొద్దికొద్దిగా జరగడం, వెచ్చగా ఉంచే చిన్న పొయ్యి ఆరిపోవడం, రాయి పక్కనుండే చిన్న కెపాసిటర్లు చెడడం. నేను విన్నంతలో చాలాసార్లు దోషం రాయిది కాదు, దాని పక్కనున్నవాటిది. ఇంకొక చమత్కారం ఉంది. మెకానిక్కు పరీక్ష చేసే తీగ తగిలించగానే పరికరం బాగవుతుంది, తీయగానే మొదటికి వస్తుంది. మంత్రం కాదు. ఆ తీగకు కూడా కాస్త కెపాసిటరు గుణం ఉంటుంది, తెగిపోయినదాని పని కాసేపు అది చేస్తుంది. తీగ బరువుకు, బలహీనంగా నడుస్తున్న ఆసిలేటరు పూర్తిగా ఆగిపోవడం కూడా ఉంది. అందుకే తెలిసినవారు రాయిని నేరుగా ముట్టుకోరు, దాని తరువాతి మెట్టులో చూస్తారు.

ఇదంతా నాకు నేర్పినది 1986 వేసవి. అప్పుడు నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో యు.డి.సి.ని. ఏ శాఖ అన్నది ఇక్కడ అనవసరం. వరదల రోజుల్లో గట్ల మీద పెట్టడానికి మాకు పదకొండు వైర్‌లెస్ సెట్లుండేవి. అవి 160 మెగాహెర్ట్జ్ దగ్గర పలికేవి. ఏటా మే నెలలో వాటిని కౌంటరు మీద పరీక్షించి రిజిస్టరులో వ్రాయాలి. ఆ ఏడు పదకొండింటికి పదకొండూ ‘ఆఫ్ ఫ్రీక్వెన్సీ’ అని వచ్చాయి. అన్నీ 23 కిలోహెర్ట్జ్ తక్కువ, ఒకటి రెండు అటూ ఇటూగా. ఒక చానెలుకూ ఇంకొక చానెలుకూ ఎడం 25 కిలోహెర్ట్జ్, అంటే దాదాపు పక్క చానెలులోకి పోయినట్లే. ఒక సెట్టులో మర తిప్పి సరిచేయబోతే చివరిదాకా తిప్పినా పూర్తిగా సరికాలేదు, పైగా దానిలో మాట గరగరలాడడం మొదలైంది. పదకొండు సెట్లకూ కొత్త క్రిస్టల్స్ కొనాలని ఇండెంటు తయారై, ఫైలు నా బల్ల మీదకు వచ్చింది. అవి తయారై రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. గోదావరి అంతవరకూ ఆగదు.

నేను చేసిన పని రిజిస్టరు తిరగేయడమే. ఆ సెట్లు ఒకే ఏడు కొన్నవి కావు. కొన్ని 1979లో, కొన్ని 1982లో, రెండు కిందటి ఏడు వచ్చినవి. 1985 మే నెలలో అన్నీ సరిగా ఉన్నట్లు నమోదై ఉంది. వేర్వేరు వయసులవాళ్ళు పదకొండుమంది ఒకే ఏడాదిలో ఒకే వైపుకు ఒకే మేరకు కుంటడం నేనెక్కడా చూడలేదు. పైగా మర తిప్పని పది సెట్లూ ఒకదానితో ఒకటి చక్కగా మాట్లాడుకుంటున్నాయి. ఈ మాటే మా దగ్గరకు వచ్చే వైర్‌లెస్ మెకానిక్కుతో అన్నాను. ముప్ఫై ఏళ్ళు లేని కుర్రవాడు. కాసేపు ఊరుకుని, “గుమస్తాగారూ, మనం సెట్టుల్ని చూస్తున్నామండి, పెట్టెని చూడటం లేదండి ఆయ్” అన్నాడు.

పెట్టెను చూడడానికి ఇంకొక మంచి పెట్టె కావాలి. అది జిల్లా కేంద్రం దాటితే గాని లేదు. ఆ కుర్రవాడు మా ఇంటినుండి ట్రాన్సిస్టరు రేడియో తెప్పించాడు. విజయవాడ పెట్టమన్నాడు. సిగ్నల్ జనరేటరు అనే మరొక పరికరం నుండి చిన్న తీగముక్కను రేడియో పక్కన పెట్టి, దాన్ని 837 దగ్గరకు తిప్పుతూ వచ్చాడు. వార్తల మీద సన్నని ఈల వినిపించింది. తిప్పిన కొద్దీ ఈల బొంగురుపోయి, గురగురలాడి, చివరకు గొంతు ఊగుతున్నట్లుగా మాత్రమే మిగిలింది. రెండు ఫ్రీక్వెన్సీలు కలిసిపోయాయన్నమాట. ఇప్పుడు మా జనరేటరు విజయవాడతో సమానం. దాన్ని కౌంటరుకు చూపించాడు. 837.000 రావలసినచోట 836.880 వచ్చింది. 120 హెర్ట్జ్ తక్కువ. విజయవాడ పదికి మించి తప్పరాదని పైన వ్రాశాను గదా.

అయినా ఒక్క సాక్షి చాలదని, విశాఖపట్నం 927 మీద చూశాడు. 926.867. చీకటిపడ్డాక హైదరాబాదు 738 మీద చూస్తే 737.894. నేను కాగితం మీద లెక్క కట్టాను. మూడింటిలోనూ లోటు లక్షకు 14 చిల్లర. మన సెట్ల 23 కిలోహెర్ట్జ్‌ను 160 మెగాహెర్ట్జ్ మీద భాగించినా లక్షకు అదే 14 చిల్లర! మూడు ఆకాశవాణి కేంద్రాలు, పదకొండు సెట్లు ఒకవైపు, పెట్టె ఒక్కటి ఒకవైపు.

పైమూత విప్పాడు. ఇనుప స్క్రూడ్రైవరు పెట్టలేదు. కొబ్బరి ఈనె ఒకటి గీకి, దానితో రాయి చుట్టూ ఉన్న ఒక్కొక్క భాగాన్ని మెల్లగా నొక్కుతూ అంకెలు చూడమన్నాడు. ఒక చిన్న కెపాసిటరును నొక్కగానే 836.880 కాస్తా 836.990 దాటింది, వదిలితే మళ్ళీ వెనక్కి. దాని కాలు బోర్డు దగ్గర చిలుము పట్టి తెగి ఉంది. మా ఉప్పుగాలి చేసిన పని. రాయి మీద ఉండవలసిన బరువు తగ్గి అది వేగంగా నడుస్తోంది, గేటు ముందే మూసుకుంటోంది, లెక్క తక్కువ వస్తోంది. రాయికి ఏ దోషమూ లేదు. కొత్త కెపాసిటరు వేసి, విజయవాడతో సరిపెట్టి, ఆ తరువాత షార్ట్‌వేవ్‌లో 10 మెగాహెర్ట్జ్ మీద ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబరేటరీ వారు ఎ.టి.ఎ. పేరుతో అప్పట్లో ప్రసారం చేసే ప్రమాణ సంకేతంతో మరింత దగ్గరకు సరిచూశాడు. గరగరలాడే సెట్టు మరను వెనక్కి తిప్పగానే దాని గొంతూ బాగుపడింది. ఇండెంటు ఆగిపోయింది.

ఆ ఆగస్టులో గోదావరి ఎలా వచ్చిందో కోనసీమవాళ్ళకు చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర మూడవ ప్రమాద హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కుల చిల్లర దగ్గర ఇస్తారు. 1986 ఆగస్టు 16న 35 లక్షలు దాటి పారింది. మా టెలిఫోను రెండో రోజునే పోయింది. గట్ల మీద సెట్లు నాలుగు రోజులు పలికాయి. ఏ గట్టు జారుతోంది, ఎక్కడికి ఇసుక బస్తాలు పంపాలి, ఏ ఊరికి పడవ కావాలి అన్నవి వాటిలోనే వచ్చాయి. రాత్రిళ్ళు లాంతరు పెట్టుకుని నేనూ మరో గుమాస్తా ఆ మాటలు లాగ్ పుస్తకంలో వ్రాసుకున్నాం. మధ్యలో ఒక సెట్టు మాట్లాడలేదు. తీరా చూస్తే దాని బ్యాటరీ నీళ్ళలో మునిగింది.

మరుసటి ఏడు ఆడిట్‌వారు వచ్చి ఆ ఫైలు పట్టుకున్నారు. పదకొండు క్రిస్టల్స్‌కు తయారైన ఇండెంటును ఎందుకు విరమించారని ఒక ప్రశ్న, కంటింజెన్సీ పద్దులో ‘కెపాసిటరు ఒకటి, ముప్పావలా’ అని ఉన్నదానికి రసీదు ఎక్కడని రెండో ప్రశ్న వేశారు. మొదటి దానికి పై లెక్కంతా ఒకటిన్నర పేజీ జవాబు వ్రాశాను, ఒప్పుకున్నారు. రసీదు కోసం ఆ మెకానిక్కు అమలాపురంలో తాను కొన్న దుకాణానికి మళ్ళీ సైకిలు మీద వెళ్ళి వచ్చాడు.